సన్మానం అయ్యేలోపు వెళ్లిపోయిన బస్సు

పై చదువులకు విదేశాలకు పంపే పిల్లల్ని ఎంపిక చేసే మా అధ్యాపకుల సంఘం కమిటీలో నేను జీతం లేని సభ్యురాలిని. ఈ రోజు కరీంనగర్‌లో మీటింగు. చొప్పదండి నుంచి నేతపనివాళ్ల అమ్మాయి ఇంటర్వ్యూకి వచ్చి, పొద్దున్నుంచీ వరండాలో కూర్చుంది. నా మనవరాలి ఈడుది.

మేము మాత్రం ముందుగా మా ఉచిత సేవకు మేమే సన్మానం చేసుకున్నాం. ఒకరికొకరం శాలువాలు కప్పుకొని, శాలువాకో ఉపన్యాసం విన్నాం.

"పిల్లను పిలువుండ్రి, ఆఖరి బస్సు పోతది" అన్నాను.

"జర ఆగుండ్రి అమ్మా, ఫొటో దిగుదాం" అన్నారు అధ్యక్షులు.

ఫొటో అయ్యాక పిలిస్తే వరండా ఖాళీ.

"లేనోళ్లను ఎట్ల పంపుతం? గైర్‌హాజర్ అని రాయుండ్రి" అన్నారాయన.

"పిల్ల పొద్దంతా ఈడనే ఉన్నది. గైర్‌హాజర్ అయింది మనం" అన్నాను.

ఆయనే గైర్‌హాజర్ అని రాసుకున్నారు.

నైజాం రోజుల్లో బడి లేక ఆగిపోయిన ఆడపిల్లల్ని చూశాను. ఈ పిల్ల శాలువాల వల్ల ఆగింది.

రేపు మొదటి బస్సుకు చొప్పదండి పోతున్నాను. ఆమెకు ఏమని చెప్పాలో, కమిటీల్లో కూర్చున్నవారెవరైనా ఉంటే చెప్పండి.