కమలాంబకు కళ్ళు పెట్టిన రోజు

రోజూ తల దువ్వుకునేటప్పుడు వైదేహి అద్దంలో తన ముఖాన్ని ముక్కలు ముక్కలుగా చూసుకునేది. నుదురు నాన్నది. గడ్డం మేనత్తది. మిగిలినదాంట్లో అమ్మ ఎక్కడుందో తెలిసేది కాదు. ఊహ తెలియకముందే తల్లి కమలాంబ పోయింది. ఫోటోలు తీయించుకునే ఇల్లు కాదు. పులివెందులలో మేనత్త దగ్గర పెరిగింది వైదేహి.

తల్లి పోలిక ఒక్కచోటే మిగిలింది. జమ్మలమడుగులో పెన్నకు పోయే దారిలో బొమ్మల చావిడి ఉంది. లోపలి గోడల నిండా జాతర బొమ్మలు. వాటిని గీసిన అబ్దుల్ సత్తార్ వయసులో ఉండగా ఊళ్ళో మనుషుల ముఖాలే వాటికి పెట్టాడు. కలశాలెత్తుకున్న ఆడవాళ్ళ వరుసలో చివరామె కమలాంబ అని మేనత్త చెప్పేది. పెళ్ళయి ప్రొద్దుటూరు వచ్చాక, దగ్గరే కదా, ఎప్పుడైనా పోవచ్చులే అనుకుంటూ వైదేహి ఏళ్ళు గడిపేసింది.

ఇంతలో హైదరాబాదు రాజధానిగా కొత్త రాష్ట్రం వచ్చింది. సర్కారు గుమాస్తాగా ఉన్న భర్త గురురాజారావుకు అక్కడికి బదిలీ అయింది. ఆయన పెట్టెలు కడుతుంటే, ఈమె ఒక్కతే జమ్మలమడుగు బస్సెక్కింది.

మిట్టమధ్యాహ్నం. చావిడిలో రంగు చిప్పల మధ్య ముసలి సత్తార్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఎవరని అడిగి, ఎక్కడికి పోతోందో కూడా చెబితే విని, కస్సుమన్నాడు.

“ఇన్నాళ్ళూ పక్కూర్లోనే ఉండుకొని, దేశం ఇడిసిపోయేటప్పుడా మీ అమ్మ గుర్తొచ్చింది?”

“తిట్టొద్దు మామా. ఒక్కసారి ముఖం చూసి పోతా.”

“యాడ చూస్తావు? కండ్లు పెట్టల్యా ఇంకా.”

గోడకు కొత్త రంగులు వేసేటప్పుడు ముందుగా బొమ్మల కళ్ళన్నీ గీకేయడం అతని పద్ధతి. అన్ని కళ్ళు తననే చూస్తుంటే చెయ్యి ఆడదట. రంగులు ఆరాక మళ్ళీ పెడతాడు. అందరికీ పెట్టాడు. చివరామె కళ్ళున్న చోట మాత్రం తెల్లటి సున్నం మచ్చలు.

“ముసలితనం తల్లీ. మీ అమ్మవి ఎంత తలుచుకున్నా గుర్తురాల్యా. ఎట్లుండేవో చెప్పు, ఇప్పుడే పెడతా.”

వైదేహి తల అడ్డంగా ఊపింది.

“నీకూ తెలీదా! సరే, ఇట్లొచ్చి గడప మీద కూసో. మీ అమ్మ బిడ్డవే కదా, నీవి చూసి పెడతా. కదలొద్దు.”

ఆమె గోడకేసి చూస్తూ కూర్చుంది. సత్తార్ ఆమె కళ్ళలోకి చూసి, కుంచె ముంచి, గోడకు ఆనించాడు. ఆమె ఎడమకన్ను మసకబారింది. ఆ మసకలో గడప మీద కూర్చున్న మనిషి కనిపించింది. పసుపుపచ్చ చీర. బిగించిన పిడికిళ్ళు. తనే. గోడ మీదినుంచి కనిపిస్తోంది.

“మామా, ఆపు!”

“అయిపాయె తల్లీ, ఇంగొకటే.”

కుంచె రెండోసారి ఆనింది. గడప, చీర, వెనక మండే ఎండ రెండు కళ్ళకూ తేటగా కనిపించాయి. వైదేహి గట్టిగా కళ్ళు మూసుకుంది. అయినా కనిపిస్తూనే ఉన్నాయి. తడుముకుంటూ లేచి వీధిలోకి పరుగెత్తింది. గోడ మీది ఆ చూపులో తన వీపు తనకే దూరమవుతోంది.

“ఓ బిడ్డా! మీ అమ్మ మొగం చూడకుండానే పోతాండావే!” అని సత్తార్ కేకేశాడు. ఆమె వెనక్కి తిరగలేదు.

ఇప్పుడు వైదేహి హైదరాబాదులో ఓ ఆడపిల్లల బళ్ళో కుట్లు నేర్పుతోంది. తెరిచిన కళ్ళకు సూదీ దారమూ కనిపిస్తాయి. కళ్ళు మూసుకుంటే జమ్మలమడుగు చావిడిలో ఎవరు వచ్చిందీ, ఎవరు పోయిందీ కనిపిస్తుంది. అమ్మ ముఖం ఎలా ఉంటుందో మాత్రం ఆమెకు తెలియదు.