ఆమె కొంగు చక్రంలో పడలేదు

నా భార్య చీర కొంగు బండి చక్రంలో పడలేదు. తిరువూరులో మమ్మల్ని ఎరిగినవాళ్లంతా పడిందనే అనుకుంటున్నారు. అలా అనుకునేలా చేసింది నేను.

బండి ఎక్కే ముందు ఆమె కొంగును నడుం చుట్టూ తిప్పి గట్టిగా దోపుకుంటుంది. ఆ తరువాతే "ఊ, పోనివ్వండి" అంటుంది. పెళ్లయిన నాటి నుంచీ అంతే. వినగడపలో బంధువుల కొత్త ఇంటి ప్రార్థన ముగించుకుని బయలుదేరిన ఆ మధ్యాహ్నం కూడా అలాగే దోపుకుంది. దారిలో ఒక మామిడి తోటలోంచి కారు రివర్సులో రోడ్డు మీదికి వచ్చింది. నేను పక్కకు తిప్పేలోపే మా బండి వెనక భాగాన్ని కొట్టింది. నేను గడ్డిలో పడ్డాను, మోకాలు గీరుకుంది. ఆమె తారు రోడ్డు మీద పడింది. బరువంతా కుడి భుజం మీద పడింది.

కారు దిగినాయన మా చర్చి పెద్ద. మా పెళ్లికి ప్రార్థన చేసిన మనిషి. ఆయనే మమ్మల్ని కార్లో ఎక్కించుకుని తిరువూరులో ఒక ఆసుపత్రికి తీసుకొచ్చాడు. గుమ్మం దగ్గర నన్ను పక్కకు పిలిచాడు.

"తమ్ముడూ, కారు గుద్దిందన్నావంటే పోలీసులొస్తారు. మనలో మనకి కేసులేంటి? వైద్యం సంగతి నేను చూసుకుంటాగా."

"మరేం చెప్పమంటారండీ?"

"ఆడవాళ్లు బండి మీంచి ఎందుకు పడతారయ్యా? కొంగు చక్రంలో పడిందను."

అంటూ నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆదివారం పూట నా నమస్కారానికి తల కూడా ఊపని మనిషి అలా ఆనుకుని నిలబడితే నాకు బాగుంది. రాయడానికి సిగ్గుగా ఉన్నా జరిగింది అదే. డాక్టరు అడిగినప్పుడు కొంగు సంగతే చెప్పి, రాసినదాని కింద సంతకం పెట్టాను. నా భార్య మంచం మీద నొప్పికి పళ్లు బిగబట్టుకుని ఉంది.

మెడ కింద నుంచి భుజం దాకా ఉండే ఎముక, కాలర్ బోన్, విరిగి ఒక ముక్క మీదికి ఇంకో ముక్క ఎక్కిందన్నారు. విజయవాడ వెళ్లి ప్లేటు వేయించమన్నారు. "తొందరేముంది, పట్టీ వేసుకుంటే అదే అతుక్కుంటుంది. కాకపోతే వచ్చే వారం నేనే తీసుకెళ్తా" అన్నాడు పెద్దాయన. ఆ వచ్చే వారం రాలేదు. ఫోన్ ఎత్తడం మానేశాడు. చర్చిలో ఎదురుపడితే "ప్రార్థన చేస్తున్నా తమ్ముడూ" అనేవాడు. నేను ఆయన్ని నమ్ముకుని కూర్చున్నాను. ఎముక వంకరగా అతుక్కుంది.

ఇప్పుడు ఆమె కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవదు. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేది. బోర్డు మీద రాయలేని టీచరును వాళ్లు కొన్నాళ్లు భరించి, తరువాత రావద్దన్నారు. ఆమె జడ నేనే వేస్తున్నాను. నాకు సరిగా రాదు.

అన్నిటికంటే ఊరి మాటలు నన్ను తినేస్తున్నాయి. మా ఎదురింటామె కాలేజీకి పోయే కూతురికి రోజూ చెబుతుంది: "చున్నీ ముడేసుకోవే, టీచరమ్మలా పడతావ్!" మార్కెట్లో ఒకావిడ నా ముందే అడిగింది, "అంత చదువుకున్నావు, కొంగు చూసుకోలేదేంటమ్మా?" అని. "పొరపాటేనండి" అంది నా భార్య. నేను కూరగాయలు ఏరుతూ నిలబడ్డాను.

చివరికి ఆమెను లాయరు దగ్గరికి తీసుకెళ్లి జరిగిందంతా చెప్పాను.

"పోలీసు రిపోర్టు లేదు. ఆసుపత్రి కాయితంలో కారు మాటే లేదు, పైగా మీ సంతకముంది" అన్నాడాయన. "అప్పుడు అబద్ధమాడారా, ఇప్పుడాడుతున్నారా అని అవతలి లాయరు మొదటే అడుగుతాడు."

"అప్పుడే ఆడానండి."

"మీరంటే సరిపోదు. దెబ్బ తిన్నది ఆవిడ. ఆవిడ గట్టిగా నిలబడితే ఏదో ప్రయత్నం చెయ్యొచ్చు. ఏమ్మా, కారు గుద్దిందని, మీ ఆయన అబద్ధం చెప్పాడని కోర్టులో చెబుతారా?"

ఆమె గోడకేసి చూసింది. "కొంగే పడిందండి" అంది.

లాయరు నా వైపు చూసి కాగితాలు వెనక్కి ఇచ్చేశాడు.

మెట్ల మీద అడిగాను, ఎందుకలా చెప్పావని.

"ఆసుపత్రిలో ఒక్కసారి నా వైపు చూస్తారేమోనని చూశాను. మీరు ఆయన వైపే చూశారు. ఆ రోజుతోనే అయిపోయిందండీ. ఇప్పుడు కోర్టుకెక్కి నేనేం చెప్పుకోవాలి?"

కింద బండి తీశాను. టీ కొట్టతను మమ్మల్ని గుర్తుపట్టి, "టీచరుగారూ, కొంగు జాగ్రత్తండీ!" అని కేకేశాడు.

ఆమె అప్పటికే ఎడమ చేత్తో దోపుకుని ఉంది. అయినా అతనికి కనబడేలా కొంగు పైకి లాగి, మళ్లీ దోపుకుంది.

"ఊ, పోనివ్వండి" అంది.