ఆరు రోజుల పాకం

మా పక్కింటావిడ పోయిన నెల యూరప్ టూరు వెళ్ళొచ్చింది. పదిహేను రోజుల్లో తొమ్మిది దేశాలు చూసి, అన్నిచోట్లా పులిహోర తిని, కాళ్ళు వాచి నరసరావుపేట చేరింది. చేరిన మర్నాడు పొద్దున్నే గోడ మీదుగా ఒక చిన్న రేకు డబ్బా అందించి, "ఇదేదో గింజల స్వీటంట టీచరుగారూ. మా ఇంట్లో ఎవరికీ నచ్చలా. మీరైతే అన్నీ తింటారుగా" అంది. ఆ చివరి మాటకి నొచ్చుకోవాలో అక్కర్లేదో తేల్చుకునేలోపే మూత మీది అక్షరాలు కంటబడ్డాయి. నాకు ఫ్రెంచి రాదు. కానీ ఆ రెండు మాటలు మాత్రం చదవగలను. మర్రోన్ గ్లాసే. చక్కెర పాకంలో ఊరబెట్టిన చెస్ట్‌నట్ గింజలు. ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పి, ఎవరి మాటకీ తడబడని మనిషిని, గోడ పట్టుకుని నిలబడిపోయాను. ఆవిడ కంగారుపడి బీపీ మాత్ర వేసుకున్నానా లేదా అని అడిగింది.

ఆ మాటలు నాకు నేర్పింది మా పెద్దమ్మ, మా నాన్న అన్నగారి భార్య. ఆమెది యానాం. గోదావరి పక్కనున్న ఆ చిన్న ఊరు, మనకి స్వాతంత్ర్యం వచ్చాక కూడా కొన్నేళ్ళు ఫ్రెంచివాళ్ళ కిందే ఉండేది. వాళ్ళ నాన్న అక్కడి దొరగారి కచేరీలో గుమాస్తా. పెదనాన్న కాకినాడలో చదువుకునే రోజుల్లో ఎవరో పెద్దమనిషి కుదిర్చిన సంబంధం. చుట్టూ నీళ్ళున్న ఊళ్ళో పెరిగిన పిల్లని తీసుకొచ్చి మాచర్లలో, నాపరాళ్ళ క్వారీ ఉన్న ఇంట్లో దించారు. మా ఇంట్లో నేల నాపరాయి, అరుగు నాపరాయి, దూడ నీళ్ళు తాగే తొట్టి కూడా నాపరాయే. కొత్తకోడలు ఫ్రాన్సు పిల్లంట అని ఊరు ఊరంతా చూడటానికొస్తే, చామనఛాయగా, పొట్టిగా, మనందరిలాగే తెలుగు మాట్లాడే అమ్మాయి కనపడేసరికి అందరికీ పెద్ద ఆశాభంగమైందట. అయినా ఒకసారి పెట్టిన పేరు మనవాళ్ళు తీస్తారా. ఫ్రాన్సమ్మ అనే పేరు ఆమెకి స్థిరపడిపోయింది. బస్టాండులో దిగి ఫ్రాన్సమ్మగారిల్లు అంటే రిక్షావాళ్ళు అడ్రసు అడిగేవాళ్ళు కాదు.

మా నాన్నకి విజయపురి సౌత్‌లో డ్యామ్ ఉద్యోగం. నేను ఇంటర్ చదవడానికి మాచర్లలో పెదనాన్న ఇంట్లో ఉన్నాను. ఎనభైల నడిమి మాట. ఇంట్లో నాయనమ్మ, పెదనాన్న, పెద్దమ్మ, నేను. పెద్దమ్మకి పిల్లల్లేరు. మధ్యాహ్నాలు వేరుశెనక్కాయలు ఒలుస్తూ కూర్చుంటే ఆమె నోట్లోంచి యానాం ఊడిపడేది. కొత్త సంవత్సరం పండక్కి దొరసాని కచేరీ పిల్లలందర్నీ వరసలో నిలబెట్టి, బంగారు రంగు కాగితం చుట్టిన గింజ ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఇచ్చేదట. మా పెద్దమ్మ దాన్ని కొరక్కుండా, నాలిక మీద పెట్టుకుని, కచేరీ నుంచి ఇంటిదాకా నడిచేదట. ఇల్లు చేరేసరికి అది దానంతటదే కరిగిపోయేది. అలా నాలుగేళ్ళు, నాలుగు గింజలు. తర్వాత దొరలు వెళ్ళిపోయారు, ఈమెకి పెళ్ళయిపోయింది.

ఆ గింజలకి ఫ్రెంచివాళ్ళు రెండు పేర్లు పెట్టుకున్నారని కూడా దొరసానే చెప్పిందట. పైపొర లోపలికి చొచ్చుకుపోయి, గింజని రెండు మూడు ముక్కలుగా చీలిస్తే అది షతేన్. ఉడకబెట్టుకు తినడానికి తప్ప పెద్ద గౌరవం లేదు. చీలిక లేకుండా నిండుగా ఒకటే గింజ ఉంటే మర్రోన్. పాకం భాగ్యం దానిదే. మా పెద్దమ్మ ఈ లెక్కన ఊళ్ళో అందర్నీ విడదీసేది. నాయనమ్మ మర్రోన్, ఏ ఎండకీ పగలని మనిషి. పెదనాన్న షతేన్, ఇంట్లో ఒకడు, క్వారీలో ఒకడు, పేకాట దగ్గర ఇంకొకడు. మూడో రకం ఒకటుంది, మర్రోన్ దేంద్, అంటే ఇండియా మర్రోన్. చూడ్డానికి అచ్చం అలాగే ఉండి నోట్లో పెడితే చేదట. దానికీ ఇండియాకీ ఏ సంబంధమూ లేదట, ఎవరో తెలియక పెట్టిన పేరు. "అదీ నేనూ ఒకటేనే. ఏ ఊరు కానిదానికి ఆ ఊరు పేరు పెట్టారు" అని నవ్వేది. నాకూ నవ్వొచ్చేది. పదిహేడేళ్ళ వయసులో అన్నిటికీ నవ్వొస్తుంది కదా.

నా సెకండియర్ పరీక్షలయ్యేనాటికి ఆమె సగమైపోయింది. యాభై రెండేళ్ళు. అన్నం చూస్తే వెగటు, మజ్జిగ తాగినా నిలిచేది కాదు. గుంటూరు తీసుకెళ్ళి చూపించారు. పెద్ద డాక్టరు అన్ని కాగితాలూ తిరగేసి, పథ్యాలేమీ వద్దు, ఆమెకి ఇష్టమైంది పెట్టండి అన్నాడట. డాక్టరు పథ్యం చెప్తే భయం లేదు, ఇష్టమైంది పెట్టమంటేనే భయమని మా వైపు పసిపిల్లలకి కూడా తెలుసు. పెద్దమ్మకీ తెలుసు.

ఇంటికొచ్చిన రెండో రోజు నన్ను మంచం దగ్గరికి పిలిచింది. "ఒక్క మర్రోన్ గ్లాసే తినాలనుందే" అంది. నేను బిక్కమొహం వేశాను. మాచర్లలో అది ఎక్కడ దొరుకుతుంది? "దొరకదని నాకు తెలీదా ఏంటి? పనస పిక్కలతో చెయ్యి, కాస్త దగ్గరగా వస్తుంది" అంది. తర్వాత పైకప్పు చూస్తూ చిన్న గొంతుతో అంది, "నేను నిజంగా తిన్నానో, తిన్నానని అనుకుంటున్నానో తెలియట్లేదే. ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఆ పేరు ఎరిగినవాళ్ళు లేరు. అవునూ అలాగే ఉంటుంది అనేవాళ్ళు ఒక్కళ్ళూ లేరు. అసలు ఆ ఊరు, ఆ దొరసాని, అదంతా నేను అల్లుకున్నానేమోనని భయమేస్తోంది. ఒక్కసారి ఆ రుచి నాలిక్కి తగిలితే చాలు." ఆమె అడిగింది తీపి కాదని నాకు అప్పుడే అర్థమైంది. తన చిన్నతనం ఉందో లేదో తేల్చిపెట్టమంటోంది. అంత పని నా చేతిలో పెట్టింది.

గోదావరి పనసకాయలు లారీల్లో వచ్చే రోజులు కాబట్టి పిక్కలకి లోటు లేదు. ఎలా చెయ్యాలో మంచంలోంచే చెప్పింది. పైపొర తీసి, గోధుమరంగు పొర గీకి, పాత పంచె గుడ్డలో మూటకట్టి మెత్తగా ఉడికించాలి. పల్చటి చక్కెర నీళ్ళలో వేసి, రోజుకొకసారి గోరువెచ్చగా కాచి దించాలి, తెర్లనివ్వకూడదు. రోజూ కాస్త చక్కెర పెంచుతూ ఆరు రోజులు. యాలకులు వెయ్యొద్దు, వేస్తే మన స్వీటైపోతుంది. మధ్యమధ్య ఒకటి తీసి రుచి చూసుకోమని కూడా చెప్పింది. ఆ ఒక్క మాట నేను పాటించలేదు. మా ఇంట్లో ఎవరి పేరున చేసింది వాళ్ళ నోట్లో పడకముందు ఇంకొకరి నోట్లో పడకూడదు. దేవుడికైనా, రోగికైనా అంతే. నాయనమ్మ దగ్గర పని నేర్చిన చేతికి ఎంగిలి చెయ్యడం రాదు.

మూడోరోజు పొద్దున గిన్నె మూత తీస్తే పైన నురగ. వైశాఖమాసం మాచర్ల ఎండ, మధ్యాహ్నం నాపరాయి మీద కాలు పెడితే బొబ్బలెక్కే రోజులు. నాయనమ్మ వాసన చూసి మొహం చిట్లించింది. "ఏందే ఇది, నీళ్ళ పాకం? పులిసిపోయింది. అరిసెలకి పాకం పట్టిన కొంపలో పుట్టి ఇంతమాత్రం తెలియకపోతే ఎట్టా? ముదురుపాకం రానీ, ఏడాదైనా చెక్కు చెదరదు" అంది. పెద్దమ్మ ఇంజెక్షన్ మత్తులో నిద్రపోతోంది. అడగడానికి లేదు. మా నాయనమ్మ పాకం విషయంలో తప్పు చెప్పగా మాచర్లలో ఎవరూ వినలేదు. పొయ్యి ఎగదోశాను. నీళ్ళలో చుక్క వేస్తే ఉండకట్టింది, ఉండని పళ్ళానికి కొడితే ఠంగుమంది. నాయనమ్మ మెచ్చుకుంది.

సాయంత్రం పెద్దమ్మ లేచాక వెండి గిన్నెలో ఒకటి పెట్టి తీసుకెళ్ళాను. నోట్లో పెట్టుకుంది. దవడ కదిలింది, ఆగింది. మళ్ళీ కదిలింది. చేత్తో బయటికి తీసి గిన్నెలో వేస్తే రాయి పడ్డ చప్పుడైంది. "మీ పెదనాన్న క్వారీ సరుకే" అని నవ్వబోయింది. ఆ నవ్వు పూర్తికాకుండానే గోడవైపు తిరిగింది. భుజాలు కదలడం చూశాను. అత్తింటికొచ్చిన ముప్పై ఏళ్ళలో ఆమె ఏడవగా ఎవరూ చూడలేదంటారు. నేను చూశాను, నా చేతి చలవే అది. నాయనమ్మ గుమ్మంలో నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు తెల్లవారగానే మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి పులవకుండా ఎలాగని పెద్దమ్మనే అడిగాను. "మంచినీళ్ళ కుండల కింద తడి ఇసుకుంది కదే, అందులో పాతిపెట్టు" అంది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె పల్నాడు దగ్గర నేర్చుకున్నది ఆ ఇసక చల్లదనమే అనుకుంటాను. గిన్నె మెడదాకా ఇసకలో కూర్చోబెట్టాను. రోజూ ఒకపూట తీసి, పొయ్యిలో కట్టెలు లాగేసి, నిప్పుల మీద వెచ్చచేసి మళ్ళీ పాతిపెట్టడం. నాయనమ్మ ఈసారి వంటింటి గుమ్మం దాటి రాలేదు, బయటినుంచే "పులిసిందా?" అని అడిగేది. పులవలేదు. నాలుగోనాటికి పిక్కలకి గాజు మెరుపొచ్చింది. చెంచాతో తాకితే లోపలికి నొక్కుకుంటున్నాయి. అటు పెద్దమ్మ మాత్రం రోజుకింత ఇంకిపోతోంది. నీళ్ళు కూడా దూదితో పెదాలకి అద్దుతున్నాం.

ఐదోరోజు పొద్దున కళ్ళు తెరిచి, "ఎన్నోనాడు?" అంది.

"ఐదు పెద్దమ్మా."

"ఒకటి తేవే. చూస్తాను."

అక్కడే చేశాను తప్పు. మొదటిసారి గిన్నెలో పడ్డ రాయి చప్పుడు నా చెవుల్లోంచి పోలేదు. ఇంకొక్కసారి ఆమెని అలా ఏడిపిస్తానేమోనని భయం. "ఆరు రోజులని నువ్వేగా చెప్పావు. ఒక్క రోజు ఆగు, రేపు పెడతాను" అన్నాను. బతిమాలలేదు. సరే అన్నట్టు కళ్ళు మూసుకుంది. మామూలుగా ఆమె దేనికీ అంత తేలిగ్గా సరే అనేది కాదు. నేను గమనించాల్సింది. ఆ మధ్యాహ్నం మూడింటికి, నేను ఇసక మీద నీళ్ళు చిలకరిస్తుండగా, పెదనాన్న నన్ను పేరు పెట్టి గట్టిగా పిలిచాడు. ఎందుకు పిలిచాడో ఆ పిలుపులోనే తెలిసింది.

చావు జరిగిన ఇంట్లో వండి ఉన్నది ఏదీ ఉంచరు. పచ్చళ్ళు తప్ప అన్నీ పారబోస్తారు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వంటిల్లు ఖాళీ చేస్తూ ఇసకలో ఉన్న గిన్నె కూడా తీశారు. అదొద్దని అరుద్దామనుకున్నాను, కానీ ఎవరి కోసం వద్దనాలి? పెరటి గోడ అవతల కుప్ప మీద బోర్లించారు. సాయంత్రం అందరూ శ్మశానం నుంచి తిరిగొచ్చి స్నానాలయ్యాక, నేను గోడ దగ్గరికి వెళ్ళి చూశాను. నలభై పిక్కలు, పగలకుండా, చీలకుండా, బంగారు రంగులో మెరుస్తున్నాయి. అప్పుడే చీమలు పట్టాయి. చెయ్యి చాస్తే అందుతుంది. ఒక్కటి నోట్లో వేసుకుంటే తెలిసిపోయేది, వచ్చిందో లేదో. వేసుకోలేదు. మైల అనిపించిందో, ఆమె తినంది నేనెట్లా తింటాననిపించిందో ఇప్పటికీ తెలియదు. నాయనమ్మ వెనకనుంచి వచ్చి, "పా లోపలికి. ఇంక చూసి ఏం చేస్తావు" అంది.

పక్కింటావిడ ఇచ్చిన డబ్బాలో నాలుగు గింజలే మిగిలాయి. వంటింట్లో నిలబడి ఒకటి తీసి నాలిక మీద పెట్టుకున్నాను. కొరక్కుండా, పెరట్లోంచి వీధి గేటుదాకా, మళ్ళీ పెరట్లోకి, మెల్లగా నడిచాను. కరిగింది. మా పెద్దమ్మ చెప్పింది చెప్పినట్టే కరిగింది. అవును పెద్దమ్మా, అలాగే ఉంటుంది, నువ్వు నిజంగానే తిన్నావు అని పైకే అన్నాను. ఆ మాట కోసం ముప్పై ఏళ్ళు చూసిన మనిషి వినడానికి లేదు. ఇక నేను చేసినవి ఇలా వచ్చాయో లేదో నాకెవరు చెప్తారు? వాటిని తిన్నవి మాచర్ల చీమలే. మిగిలిన మూడు గింజలూ డబ్బాలోనే ఉంచి మూత పెట్టేశాను. రేపు పెడతానన్నాను ఆమెతో. నలభై ఏళ్ళు దాటాయి, ఆ రేపు ఇంకా తెల్లవారలేదు.