కడగని గిన్నెల డాక్టరు గారు

ఐర్లండ్‌లోని పోర్ట్‌లీష్‌లో డాక్టర్ రత్నకుమార్ గారికి కోపం తెప్పించాలంటే మార్గం ఒక్కటే: ఆయన పంపిన గిన్నెను శుభ్రంగా కడిగి తిరిగివ్వడం. అందులో ఏదైనా పెట్టి ఇచ్చారా, ఆ పూట ఆయనకు అన్నం సయించదు.

ఆదివారం చర్చిలో తెలుగు ఆరాధన కాగానే ఆయన వండిన బిర్యానీ ఊళ్లోని తెలుగువాళ్ల ఇళ్లన్నిటికీ వెళ్తుంది. గుడికి వెళ్లేవాళ్లా చర్చికి వచ్చేవాళ్లా అని చూడరు. “ఖాళీగా తేవాలి, మెతుకులు అంటుకుని ఉండాలి. కడగడం నా డిపార్ట్‌మెంట్!” అని మాత్రం హెచ్చరిస్తారు. వట్టి గిన్నె తిరిగివ్వడానికి మనవాళ్లకు మనసొప్పుతుందా? సాఫ్ట్‌వేర్ దీక్షిత్ ఒకసారి గిన్నెను తళతళలాడించి, నిండా మైసూర్‌పాక్ పెట్టి తెచ్చాడు. డాక్టరు గారు ఆ మైసూర్‌పాక్ అంతా అతని చేతే తినిపించి, ఎక్స్‌రే చూసినట్టు గిన్నెను కిటికీ వెలుగులో పట్టి చూసి, మళ్లీ కడిగారు.

ఆశ్రిత కొత్తగా వచ్చిన జూనియర్ డాక్టరు. ఆమెకూ ఒక గిన్నె వచ్చింది. తోమి, సున్నుండలు పెట్టి ఇద్దామనుకుంది. వరసగా నైట్ డ్యూటీలు పడ్డాయి. గిన్నె వంటింటి అల్మరాలో ఉండిపోయి బూజు పట్టింది. సిగ్గుతో ఆమె ఆరాధనకే వెళ్లడం మానేసింది.

ఒక శనివారం తలుపు చప్పుడైంది. తీస్తే డాక్టరు గారూ, భార్య కమలా!

ఆశ్రిత పరుగున వెళ్లి గిన్నె సింక్‌లో పడేసింది. ఆయన వెనకాలే వెళ్లి అంచు పట్టుకున్నారు.

“వదులమ్మా!”

“వద్దంకుల్, బూజు పట్టింది!”

“బూజా!” ఆయన మొహం వెలిగిపోయింది. “కమలా, చూశావా? ఇంతవరకు నాకెవరూ బూజు ఇవ్వలేదే!”

చొక్కా చేతులు మడిచి, శ్రుతి లేని గొంతుతో కీర్తన అందుకుని తోమడం మొదలుపెట్టారు.

“ఏమీ అనుకోకమ్మా,” అంది కమల. “ఇదివరకు నీలాంటి పిల్లే ఒకతి ఉండేది. గిన్నె తోమి, ఏదో పెట్టి ఇచ్చే ఓపిక లేక మా ఇంటికి రావడం మానేసింది. ఒంటరిగా జ్వరంతో పడుందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పట్నుంచీ ఈయనకు ఈ పిచ్చి. గిన్నె మూలాన ఎవరూ మన గడప తొక్కడం మానకూడదంటారు.”

ఆశ్రిత కమల దగ్గరికి జరిగింది.

“గిన్నె ఒక్కటే కాదు ఆంటీ. రేపు ఆరాధనలో ప్రభు బల్ల కదా, నేను రాను. ప్రార్థన మానేశాను. అమ్మతో పోట్లాడి ఫోన్ చెయ్యడం లేదు. కాస్త బాగుపడ్డాక వచ్చి రొట్టె తీసుకుంటాను.”

డాక్టరు గారి కీర్తన ఆగింది. మోచేతుల దాకా సబ్బు నురగతో ఇటు తిరిగారు.

“ఎమర్జెన్సీకి వచ్చినవాణ్ణి జ్వరం తగ్గించుకుని రమ్మంటావా?”

“అదెలా అంటాను అంకుల్?”

“మరి ప్రభువు అంటాడా? కృపంటే ఊరికే ఇచ్చేదమ్మా. నువ్వు సంపాదించుకునేది కాదు. ముందు తీసుకో. అమ్మతో ఆ తర్వాత మాట్లాడుదువుగాని, సంతోషంగా!”

మర్నాడు ఆరాధనలో ప్రభు బల్ల రొట్టె పళ్లెం ఆశ్రిత ముందుకు వచ్చింది. చేతులు వెనక్కి లాగాయి. నాకు తగదు అనుకుంది. అనుకుంటూనే చెయ్యి చాపింది. అంత చిన్న ముక్కలో అంత ఆనందం ఎలా పట్టిందో ఆమెకు తెలియలేదు. కళ్లు తుడుచుకుంటూనే నవ్వేసింది.

బయట సన్నగా తుంపర పడుతోంది. తడుస్తూనే ఇంటికి నడిచింది. దారిపొడవునా క్షమాపణ మాటలు కూర్చుకుని, తెనాలిలో ఉన్న అమ్మకు ఫోన్ కలిపింది.

“అమ్మా, నేనూ... ఆ రోజు...”

అమ్మ ఆ మాట పూర్తి కానివ్వలేదు.

“ఎన్నాళ్లయిందే నీ గొంతు విని! పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా?”