వదిన ప్రొఫైల్లో లింకు

ఆ వీధిలో ఆమెను అందరూ వదిన అనే పిలుస్తారు. కుట్టుమిషను కొన్న కొత్తలో మొదటి గిరాకీలను వెంటబెట్టుకొచ్చింది ఆమె ఆడపడుచు. ఆ పిల్ల ఏమని పిలిస్తే వాళ్ళూ అలాగే పిలిచారు. ఇరవై ఏళ్ళయింది. ఇప్పుడు తనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళకు కూడా ఆమె వదినే.

వదిన గౌన్లు బాగా కుడుతుంది. తప్పు మాత్రం ఒప్పుకోదు. చంక దగ్గర బిగుతైందంటే, "కొలతలిచ్చిన రోజు మీరు ఊపిరి బిగబట్టారు" అంటుంది. చెయ్యి పొడుగైందంటే గుడ్డ సాగే రకమంటుంది. గిరాకీలు నవ్వుకుని మళ్ళీ ఆమె దగ్గరికే వస్తారు.

గిరాకీలు మెసేజీల్లో గౌన్ల మోడళ్ళ ఫొటోలు పంపితే ఫోను నిండిపోతోందని ఆమె ఒక పద్ధతి పెట్టింది. కావలసిన మోడల్‌ను గిరాకీ తన ప్రొఫైల్ బొమ్మగా పెట్టుకోవాలి, వదిన వెళ్ళి చూసుకుంటుంది. ఎవరి బట్టలు సిద్ధమయ్యాయో తన ప్రొఫైల్లో పేరు కింద రాసిపెడుతుంది. నూటపది మంది ఆ ఒక్క లైను కోసం రోజూ తొంగిచూస్తారు.

ఒక సోమవారం పొద్దున బ్యాంకు క్యాషియరమ్మ ప్రొఫైల్లో బొమ్మ లేదు. 'నా కొత్త ఫొటోలు ఇక్కడ' అని ఒక లింకు ఉంది. మోడల్ అందులో ఉంది కాబోలనుకుని వదిన నొక్కింది. ఫోను ఏదో అడిగింది, వదిన అవునంది. ఇంకేదో అడిగింది, దానికీ అవునంది. ఏవో అంకెలు కొట్టమంటే కొట్టింది. మిషను మీద సగం కుట్టిన కాలరు పెట్టుకుని, చదువుతూ కూర్చునే తీరిక ఎవరికుంటుంది?

పావుగంటలో ప్రకటనలు తెర నిండా వరసకట్టాయి. ఒకటి మూస్తే రెండు తెరుచుకుంటున్నాయి.

ఆడపడుచు ఫోన్ల రిపేరు షాపులో పనిచేస్తుంది. మధ్యాహ్నం భోజనానికి వచ్చి ఫోను అందుకుంది.

"వదినా, అన్నయ్యకు బట్టతల మందు వెతుకుతున్నావా?"

"నీ వెటకారాలు తర్వాత. ముందు వాటి నోరు మూయించు."

ఆడపడుచు కొత్తగా దూరిన యాప్‌ను తీసేసింది. ఎవరిదో వేరే ఫోనులో తెరిచి ఉన్న వదిన ఖాతాను అక్కడ మూసేసి, పిన్ మార్చింది. చివరికి ప్రొఫైల్ తెరిచి నవ్వు ఆపేసింది. సిద్ధమైన బట్టల వివరం ఉండాల్సిన చోట అదే లింకు ఉంది.

"ఇది నేను పెట్టలేదే!"

"నీ పేరుతో వాడెవడో పెట్టాడు. ఇప్పుడు తీసేశాను. కానీ పొద్దున్నుంచి ఎంతమంది చూశారో! నువ్వు పెట్టావు కదా అని నొక్కేసుంటారు."

వదిన మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టింది. ఒక్కరి ఫోను పాడైనా మాట వీధంతా పాకుతుంది. ఆ తర్వాత కొలతలివ్వడానికి ఎవరు గుమ్మమెక్కుతారు?

"నా ఫోను పాడైందని మెసేజి పెట్టెయ్."

"ఇప్పుడు నీ నంబరు నుంచి మెసేజి వస్తే ఎవరు నమ్ముతారు? ఫోన్ చేసి నీ గొంతుతో చెప్పు. నేను చూసుకోకుండా నొక్కాను, మీరు నొక్కకండి అని."

"నేను నొక్కానని ఎందుకూ? అదే వచ్చి పడిందందాం."

"ఏం నొక్కావో చెప్తేనే కదా వాళ్ళు ఏం తీసెయ్యాలో తెలిసేది! కానీ వదినా, నీ నోట 'తప్పు నాది' అన్న మాట వినడానికి నేను సెలవు పెట్టైనా కూర్చుంటాను."

మొదటి ఫోను క్యాషియరమ్మకు. "మీ ప్రొఫైల్ మూలంగానే..." అని మొదలుపెట్టి, ఎదురుగా ఆడపడుచు కనుబొమలు లేవడం చూసి వదిన సర్దుకుంది. "చదవకుండా నొక్కాను. తప్పు నాదే. మీదీ ఓసారి చూపించుకోండి." తర్వాతి ఫోన్లకు మాట కాస్త సాఫీ అయింది. కాలరు సగంలోనే ఉండిపోయింది.

నలభయ్యో ఫోనో ఏమో, సంగీతం టీచరుకు. ఆవిడ అప్పటికే నొక్కేసింది.

"ఏమన్నారూ? తప్పు మీదా? ఉండండుండండి, మా అక్కను పిలుస్తాను. మళ్ళీ చెప్పండి!"

వదిన చెవులు ఎర్రబడ్డాయి. అయినా మళ్ళీ చెప్పింది. తర్వాత యాప్ ఎలా తీసెయ్యాలో, ఆడపడుచు పెదవులు కదిపినట్టల్లా చెప్పుకుంటూ పోయింది.

"తీసేయమంటారా అని అడుగుతోంది వదినగారూ. అవుననెయ్యనా?"

"ఆగండి. ముందు ఏ యాప్ పేరు రాసుందో పైకి చదవండి," అంది వదిన. "నాకేం తొందర లేదు."