జాలీ లేని పైపు

నేను ఫైర్‌మన్‌గా చేరిన మొదటి ఎండాకాలం, ముదినేపల్లి దగ్గర గడ్డివాము అంటుకుంది. గంట కొట్టుకుంటూ సినిమా హీరోల్లా దిగాం. వాము పక్కనే ఒక ముసలామె తాటాకిల్లు, గాలి కూడా అటే. బండిలో నీళ్లు చాలక, పక్కనున్న చేపల చెరువులోకి పైపు వేశాను. చేపలూ చెత్తా దూరకుండా దాని చివర జాలీ బిగించడం నా పని. జాలీ స్టేషన్లో భద్రంగా ఉంది.

నేను ఛాతీ విరిచి నీళ్లు చిమ్మే గొట్టం పట్టుకున్నాను. నీళ్లు బుస్సున వచ్చి, టక్కున ఆగిపోయాయి. గొట్టం మూతిలోంచి చేపపిల్ల తోక ఊగుతోంది. నిప్పురవ్వలు చూరు మీద రాలుతున్నాయి.

"ఏం బాబూ, మంటలార్పడానికొచ్చావా, వేపుడు చెయ్యడానికొచ్చావా?" అంటూ ముసలామె తడిగోనె చూరు మీదకి విసిరింది.

చెరువు కాపలా ఆయన వెదురు బుట్ట పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఇది కట్టండి సార్, చేప దూరదు!"

తాడు వెతికే తీరిక లేదు. నా బెల్టు ఊడదీసి బుట్టను పైపు చివర బిగించాను. చేపను లాగేశాక నీళ్లు ఎగిసి చూరును ముంచెత్తాయి. ఒక చేత్తో గొట్టం, రెండో చేత్తో ప్యాంటు పట్టుకుని మంట ఆర్పాను.

ముసలామె తన గోడలు తడిమి చూసుకుంది.

"నా ఇల్లు దక్కింది నాయనా. ఇహ నీ ప్యాంటు దక్కించుకో."