అనకాపల్లి ప్లేటు హోటల్లో నాలుగు గరిటెల చారు

ఆకాశంలో ఎగిరే పిట్టకు గింజనూ, సముద్రంలో తిరిగే చేపకు మేతనూ, నాలాంటి ముసలి దర్జీకి పూటపూటకూ కంచంలో అన్నాన్నీ సిద్ధపరచే తండ్రికి వేలాది స్తోత్రాలు. ఆయన బల్ల వేసినచోట మనుషులు కలవక తప్పదు. అది నేను వాక్యంలో చదివి ఎరుగుదును. మొన్న అనకాపల్లిలో కళ్ళారా చూశాను కూడా. చూసినది చూసినట్టు రాస్తున్నాను.

రావికమతం దగ్గర మా పల్లెలో చిన్న ప్రార్థన మందిరం ఉంది. అక్కడ ఆదివారం వాక్యం చదివే పెద్దను నేనే. మా సంఘంలో యోహాను కూతురు ఎస్తేరుకు పెళ్ళి కుదిరింది. మాలో పెళ్ళికూతురిని మేనమామ చెయ్యి పట్టుకుని మందిరంలోకి నడిపించి తీసుకురావాలి. ఎస్తేరు మేనమామ సమూయేలు. కరెంటు పని చేస్తాడు, మా మందిరం మైకు కూడా అతనే చూస్తాడు. యోహానూ సమూయేలూ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటూ ఒకే చుట్ట చెరిసగం కాల్చుకున్నవాళ్ళు. ప్రభువును నమ్ముకుని రక్షణలోకి వచ్చాక ఆ చుట్ట కూడా ఒకేరోజు మానేశారు. అలాంటివాళ్ళు మూడేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు.

కారణం ఒక భోజనం. యోహాను కొత్త ఇంటికి వైరింగంతా సమూయేలే చేశాడు. గృహప్రవేశ ప్రార్థన రోజున జనరేటర్ దగ్గర నిలబడి చివరి పంక్తి దాకా చూశాడు. "బావా, రా, తిందువుగాని" అని ఎవరూ పిలవలేదు. చేతులు కడుక్కుని సైకిలెక్కి ఇంటికి వెళ్ళిపోయాడు. మా వైపు మనిషి ఆకలికి ఓర్చుకుంటాడు గాని, పిలుపు లేకపోవడానికి ఓర్చుకోడు.

పెళ్ళికి మూడు వారాలుందనగా ఎస్తేరు మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే కూర్చుంది. "తాతయ్యా, మావయ్య సెయ్యి అట్టుకుంటేనే నాను మందిరం మెట్టెక్కుతాను. నేదంటే పెళ్ళే ఒద్దు," అంది. ఆ పిల్ల మాట అంటే అన్నట్టే. ఆ రాత్రి మోకాళ్ళ మీద ఉండగా నాకు అనకాపల్లి ప్లేటు హోటలు జ్ఞాపకం వచ్చింది. కుట్టుపని నేర్చుకున్న రోజుల్లో నేను రోజూ తిన్న చోటు అది. అక్కడి పద్ధతి తెలిసినవాణ్ణి కనుక, పని అయిపోయినట్టేనని నమ్మి లేచాను.

ఇద్దరితోనూ నిజమే చెప్పాను. "పెళ్ళిచీర కొనాలి, రా," అని యోహానుతో అన్నాను. "మందిరానికి కొత్త మైకు చూడాలి, రా," అని సమూయేలుతో అన్నాను. రెండోవాడు కూడా వస్తాడని ఇద్దరికీ చెప్పాను.

"వత్తే రానీండి పెద్దయ్యగారూ. బస్సు ఆడిది కాదు గదా," అన్నాడు సమూయేలు.

పొద్దున్న ఎనిమిది గంటలకు చోడవరం మీదుగా వెళ్ళే ఆర్టీసీ బస్సు ఎక్కాం. యోహాను డ్రైవరు వెనక కూర్చున్నాడు. సమూయేలు చివరి సీటుకు పోయాడు. నేను సరిగ్గా మధ్యలో కూర్చున్నాను. ఎవరి టికెట్టు వాళ్ళే తీసుకున్నారు. కండక్టరు నా దగ్గరకు వచ్చేసరికి నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఏటి తాతా, ముగ్గురూ ఒక్క ఊరోళ్ళే, మూడు మూలలా కూకున్నారు? బస్సు ఒరిగిపోద్దని బరువు సరిసేత్తన్నారేటి?"

"మధ్యాహ్నం బస్సులో చూడు నాయనా," అన్నాను.

చోడవరంలో బస్సు టీ తాగేంత సేపు ఆగింది. యోహాను దిగి రెండు టీలు తెచ్చి ఒకటి నాకిచ్చాడు. వెనక సీటు వైపు ఒకసారి చూసి, తన టీ తాగేశాడు. దారి పొడుగునా చెరుకు తోటలు, బెల్లం వండే బట్టీల పొగ. పది దాటాక అనకాపల్లిలో దిగాం. మైకు సెట్టు చూశాం, బేరం కుదిరింది. తరువాత తెల్ల పట్టుచీర కొన్నాం. చీరల కొట్టు లోపలికి సమూయేలు రాలేదు. బయట మెట్టు మీద నిలబడి అద్దంలోంచి చూశాడు. యోహాను రెండు చీరలు పట్టుకుని తేల్చుకోలేక నిలబడ్డప్పుడు, బయటి నుంచి నా వైపు తిరిగి, అంచు సన్నంగా ఉన్నదాన్ని వేలితో చూపించాడు. నేను అదే ప్యాక్ చెయ్యమన్నాను.

పదకొండున్నరకు ప్లేటు హోటలుకు నడిచాం. బెల్లం మార్కెట్ వెనక సందులో ఉంటుంది. వెళ్ళదలచుకున్నవారు పన్నెండు లోపే వెళ్ళాలి. ఆ తరువాత మార్కెట్లో బస్తాలు మోసే కళాసీలంతా ఒక్కసారి దిగుతారు, లైను వీధిలోకి వస్తుంది. పైన రేకులు, కింద నల్లరాతి బల్లలు, గోడకు సున్నం. గుమ్మం దగ్గర గల్లాలో కూర్చున్న సత్తిబాబు గారికి డబ్బులిస్తే ఇత్తడి బిళ్ళ ఇస్తారు. మేం వెళ్ళిన రోజున భోజనం వంద రూపాయలలోపే ఉంది. బిళ్ళ తీసుకుని, గదులున్న స్టీలు కంచం ఒకటి మనమే అందుకుని, లైనులో నడవాలి. వరసగా ఉన్న గిన్నెల దగ్గర ఒకరు అన్నం, ఒకరు ముద్దపప్పు, ఒకరు వంకాయ కూర, ఒకరు బెండకాయ వేపుడు, ఒకరు గోంగూర పచ్చడి వేస్తారు. లైనులో ఏ వరసన వచ్చామో ఆ వరసనే కూర్చోవాలి. ముందువాడు బల్లకు ఎడమ పక్క, వెనకవాడు అతనికి ఎదురుగా. షావుకారైనా కళాసీ అయినా ఇందులో మార్పు లేదు.

ప్రతి జంట మధ్యా ఒక గిన్నెలో వేడి చారు, ఒక చెంబులో మజ్జిగ ఉంటాయి. ఎవరూ తమకు తాము పోసుకోకూడదు. ఎదుటివాళ్ళే పోయాలి. "చాలు" అని నోటితో అనేదాకా ఆపకూడదు. గోడమీద పెద్ద అక్షరాలతో అదే రాసి ఉంటుంది.

"ఇది మా నాన్న ఎట్టిన పద్ధతండి," అన్నారు సత్తిబాబు గారు బిళ్ళలు ఇస్తూ. "అందరూ గొప్ప ధర్మం అనుకుంటారు. వడ్డనకి మనుషుల్ని ఎట్టుకోనేక ఎట్టేడు."

"మరి నోటితోనే చెప్పాలని ఎందుకండీ?" అని అడిగాను.

"చెయ్యి అడ్డం ఎట్టి ఒకాయన చెయ్యి కాల్సుకున్నాడు. ఆ మరుసటి రోజే గోడమీద రాయించేం."

నా ఆలోచన ఇప్పటికి మీకు తెలిసే ఉంటుంది. ముందు సమూయేలును, అతని వెనక యోహానును నిలబెట్టి, వెనక నేను నిలబడ్డాను. ఇద్దరూ ఎదురెదురు పడతారు, చారు పోసుకోక తప్పదు, నోరు విప్పక తప్పదు. తండ్రీ, కార్యం నీదే అనుకుని నిశ్చింతగా కంచం పట్టుకున్నాను.

అన్నం గిన్నె దగ్గరకు వచ్చేసరికి ఒక చేపలమ్మ మా మధ్యలోకి దూరింది. లైనులో ఎవరిదో ఖాళీ చేపల బుట్ట ఉంటే, దాన్ని పట్టించుకోకుండా సమూయేలును దానికి ముందు నిలబెట్టాను. ఆమె దాన్ని కాలితో ముందుకు జరిపి, యోహాను ముందు నిలబడింది.

"అమ్మా, లైను..." అన్నాను.

"నా బుట్ట మీకన్నా ముందే ఒచ్చింది బాబూ. నాను బిళ్ళకెల్లొచ్చేను, అంతే," అంది.

సత్తిబాబు గారు గల్లాలోంచే తలూపారు. బుట్ట పెడితే మనిషి నిలబడ్డట్టేనట. నా రోజుల్లో ఆ పద్ధతి లేదు. సమూయేలు వెనక్కి తిరిగి, పొద్దుటి నుంచి మొదటిసారి నా వైపు చూసి నవ్వాడు.

అలా సమూయేలుకు ఎదురుగా చేపలమ్మ కూర్చుంది. వాళ్ళ పక్కన యోహానూ నేనూ ఎదురెదురుగా కూర్చున్నాం. నేను తల వంచి భోజనానికి స్తుతి చెల్లించాను. నా పథకం చెడినా నీ చిత్తం చెడదు ప్రభువా అని లోపల ఒక మాట ఎక్కువ పెట్టాను. కళ్ళు తెరిచేసరికి ఆమె ముద్ద చేత్తో పట్టుకుని మా కోసం ఆగి ఉంది.

"అయిపోనాదా బాబూ? తినొచ్చా?"

"తినమ్మా. నీ పేరేమిటి?"

"పైడమ్మ. మాది పూడిమడక. తెల్లారి సేపలట్టుకొని బస్సెక్కేను, బుట్ట కాళీ అయిపోనాది. పొద్దున్నుంచీ సేపల మొకాలే సూసేను, ఇక్కడ పప్పు తింటే పేనం లేచొత్తాది." ఆమె గరిటె తీసి సమూయేలుకు చారు పోసింది.

"సాలమ్మా," అన్నాడతను హాయిగా. ఆమెకు అతను పోశాడు. నేను యోహానుకు పోశాను. అతను ముద్ద కలిపి అలాగే వదిలేశాడు. కూతురి చీర సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

పైడమ్మ కాసేపు అటూ ఇటూ చూసింది. "మీరు ముగ్గురూ కలిసే ఒచ్చేరు గదా. ఈ ఇద్దరూ మొకాలు సూసుకోరేటి? కోర్టు పనేటి?"

"కాదమ్మా. పెళ్ళి పని," అని నేను ఉన్న సంగతి చెప్పేశాను. గృహప్రవేశం, పిలుపు, ఎస్తేరు పంతం, అన్నీ. వాళ్ళిద్దరూ కంచాల్లోకి చూస్తున్నారు.

"బోయినానికి పిలవనేదని మూడేళ్ళా!" పైడమ్మ నవ్వలేదు. సమూయేలు ముఖం పరీక్షగా చూసింది. "కోపం ఒచ్చిందంటే ఆ ఇంటి మీద పేనం ఉన్నట్టే. పరాయోడు పిలవకపోతే మనకేటి?" అని, కంచం పట్టుకుని లేచింది. "ఆ ఫేను గాలి నాకు పడదు. ఓ పెళ్ళికూతురి తండ్రీ, నువ్విటు రా."

"వరస మారకూడదమ్మా!" అన్నారు సత్తిబాబు గారు గల్లాలోంచి.

"వరస మార్లేదు బాబూ. వరసైనోళ్ళే కూకుంటన్నారు!" అంది పైడమ్మ. ఆయన నవ్వుతూ మళ్ళీ బిళ్ళలు ఇవ్వడంలో పడ్డారు.

యోహాను నా వైపు చూశాడు. వెళ్ళమని తల ఊపాను. అతను లేచి సమూయేలు ఎదుట కూర్చున్నాడు. సమూయేలు అంతకు ముందే మారు అన్నం పెట్టించుకున్నాడు, మధ్యలో గుంట చేసి ఉంది. కళ్ళు మాత్రం గోడ మీద. యోహాను గరిటె తీసి చారు పోశాడు. గుంట నిండింది. రెండో గరిటె పోశాడు. అన్నం మునిగింది. సమూయేలు కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"నోటితో సెప్పాల!" అని పక్క బల్లల కళాసీలు ఒక్క గొంతుతో అరిచారు.

చెయ్యి తీసేశాడు. మూడో గరిటె వేపుడు గదిలోకి, గోంగూర గదిలోకి పారింది. ఆపడానికి వీల్లేదు, ఆపే ఉద్దేశమూ యోహాను ముఖంలో లేదు. నాలుగో గరిటెకు చారు కంచం అంచు దాటి నల్లరాతి మీదుగా సమూయేలు ఇస్త్రీ ప్యాంటు వైపు నడిచింది.

"సాలు," అన్నాడు సమూయేలు, గొంతులోనే.

"వినపడనేదు!" అన్నారు సత్తిబాబు గారు.

"సాలు! సాలు బావా, ముంచెత్తెత్తావేటి!"

హోటలంతా నవ్వింది. యోహాను నవ్వలేదు. గరిటె గిన్నెలో పెట్టాడు.

"ఆవేళ నిన్ను పిలుద్దారనే బయటికొచ్చేను బావా. అప్పటికే నువ్వు గేటు దాటేసేవు," అన్నాడు.

"గేటు దాకా ఒచ్చినోడివి, ఇంకో పది అడుగులు రాలేపోయేవా?"

"రావాల్సింది. తప్పు నాదే." యోహాను చెయ్యి చాచి కంచాన్ని అతని వైపు కాస్త జరిపాడు. "తిను బావా. నాను పిలుత్తన్నాను. తిను."

సమూయేలు తల దించుకుని ముద్ద కలిపాడు. కూర, వేపుడు, పచ్చడి, పప్పు, అన్నీ చారులో ఒకటైపోయి ఉన్నాయి. ఒక ముద్ద తిన్నాడు. రెండోది తిన్నాడు.

"ఉప్పు తక్కువైంది," అన్నాడు.

"కళ్ళమ్మట అంత కారుతంటే ఉప్పు తక్కువేటి?" అంది పైడమ్మ. అతను భుజంతో ముఖం తుడుచుకుని, మజ్జిగ చెంబు అందుకుని యోహాను కంచంలో పోశాడు. యోహాను వెంటనే సాలన్నాడు. సమూయేలు వినపడనట్టు ఇంకాస్త పోశాడు.

పైడమ్మ కంచం కడిగిచ్చి, బుట్ట నెత్తికెత్తుకుంది. పెళ్ళికి రమ్మని పిలిచాను. "పిలిసేరు గదా, వత్తాను. పిలవకపోతే నాకూ మూడేళ్ళు కోపమొచ్చును," అని వెళ్ళిపోయింది. నేను నిలబెట్టిన లైను ఒక్క బుట్టతో తారుమారైంది. ఆ బుట్టను అక్కడ పెట్టించినది ఎవరో నాకు సందేహం లేదు.

మూడు గంటల బస్సుకు ఆర్టీసీ కాంప్లెక్సు వైపు నడుస్తుంటే సమూయేలు చెప్పుల కొట్టు ముందు ఆగాడు.

"ఏటి బావా?" అన్నాడు యోహాను.

"పెళ్ళికూతురి సెయ్యట్టుకొని ఈ తెగిన సెప్పులతో నడుత్తానేటి? పిల్ల పరువేటైపోవాల?"

యోహాను కొట్టులోకి ముందు నడిచాడు. నల్ల బూట్లు కొన్నారు. కొలత చూడటానికి సమూయేలు కొట్టులోనే అటూ ఇటూ నాలుగుసార్లు నడిచాడు, ఎడమ చెయ్యి కాస్త పక్కకు పట్టుకుని, దాన్ని ఎవరో పట్టుకున్నట్టు.

తిరుగు బస్సులో పొద్దుటి కండక్టరే. బావలిద్దరూ ఒకే సీట్లో, ఒళ్ళో మైకు పెట్టె, దానిమీద చీర సంచి. ముగ్గురి టికెట్లకూ డబ్బులు నేనిస్తానంటే నేనిస్తానని ఇద్దరూ కలబడ్డారు. కండక్టరు నన్ను చూసి కన్ను కొట్టాడు. నేను కిటికీ పక్కన కూర్చుని చెరుకు తోటల మీద వాలుతున్న ఎండను చూస్తూ వచ్చాను. చాలా ఊళ్ళు తిరిగాను, పెద్ద పెద్ద హోటళ్ళలో సంఘ మహాసభల భోజనాలు చేశాను. ఆ రాతి బల్ల వంటి బల్ల మాత్రం మరెక్కడా చూడలేదు. ఎదుటివాడి చెయ్యి లేనిదే అక్కడ భోజనం పూర్తికాదు.

ఇది చదువుతున్న మీకు కూడా మాట మానేసిన బావ ఒకడు ఎక్కడో ఉండే ఉంటాడు. అతని పేరు తలచుకుని, ఒక్క నిమిషం కళ్ళు మూసి నాతో కలిసి అనండి: తండ్రీ, మమ్మల్ని ఒకరికెదురుగా ఒకరిని కూర్చోబెట్టు. మా మొండి కంచాల్లో నీ కృప పొయ్యి. మేం చెయ్యి అడ్డం పెట్టినా ఆపకు. మా నోరు తెరుచుకునేదాకా పోస్తూనే ఉండు. ఆమేన్.